ఏ డాక్టరు పట్టా? వృత్తికా, పరిశోధనకా?

కిందటేడు ఆషాఢంలో ఓ సాయంత్రం తండ్రీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు. తండ్రి అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. కూతురు ఇంటర్మీడియట్ మన ఊళ్లోనే చదివి, ఆ పైన ఆరేళ్ల ఫార్మ్.డి. పూర్తి చేసింది. కూర్చున్నారో లేదో తండ్రి అసలు సంగతి బయటపెట్టాడు.

“మాస్టారూ! ఆరేళ్లు చదివి డాక్టరయ్యిందన్నారు. ఇప్పుడేమో పిహెచ్.డి. చేసి డాక్టరవుతానంటోంది. ఆ డాక్టరేటి, ఈ డాక్టరేటి? ఒక మనిషికి రెండు డాక్టర్లెందుకండీ? రెండో పిల్ల చదువు కూడా ఉంది గదా!”

ఆ అమ్మాయి తల వంచుకుంది. నేను కాఫీ ఇప్పించి, ఏవో నాలుగు మాటలు చెప్పి పంపేశానే గాని, నిజానికి ఆయన ప్రశ్నకు సరైన జవాబు ఆరోజు నా దగ్గర లేదు. ఆ తర్వాత చదివి, తెలిసినవారిని అడిగి, ఆలోచించుకుని తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం. మన కళాశాలలో ఎం.ఎస్సీ. చదివేవారికి, చదివి పరవాడ, అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీల్లో చేరిన పూర్వ విద్యార్థులకు కూడా ఇవి పనికొస్తాయని నా నమ్మకం.

‘డాక్టరు’ అనే మాట

మన వాడుకలో డాక్టరంటే సూది వేసే వైద్యుడు. కాని ఆ మాట పుట్టుక వేరు. లాటిన్ భాషలో ‘బోధించు’ అనే అర్థమిచ్చే ధాతువు నుంచి వచ్చింది. మధ్యయుగాల ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ధర్మశాస్త్రం గాని, మతశాస్త్రం గాని, వైద్యం గాని బోధించే అర్హత సంపాదించినవాడు డాక్టరు. అంటే మొదటి డాక్టరు పాఠం చెప్పేవాడే.

‘కొత్త జ్ఞానం కనుక్కున్నవాడికి డాక్టరు పట్టా’ అనే పద్ధతి 19వ శతాబ్దపు జర్మనీలో బలపడింది. 1810లో స్థాపించిన బెర్లిన్ విశ్వవిద్యాలయం దీనికి ముఖ్య కేంద్రం. అక్కడి నుంచి అమెరికాకు పాకి, 1861లో యేల్ విశ్వవిద్యాలయం ఆ దేశంలో మొదటి పిహెచ్.డి.లు ఇచ్చింది. ఇంగ్లండు ఇంకా నెమ్మది. ఆక్స్‌ఫర్డులో ఈ పట్టా 1917లో గాని మొదలు కాలేదు.

ఇంతలో మరో ప్రశ్న వచ్చింది. బడులు నడిపేవారు, ఆసుపత్రుల్లో పనిచేసేవారు, కంపెనీలు చూసుకునేవారు కూడా తమ తమ వృత్తుల్లో పై అంచుకు చేరాలి గదా, వారికి ఏ పట్టా? ఈ ఆలోచనతోనే హార్వర్డులో 1921లో విద్యారంగానికి ఎడ్.డి. అనే డాక్టరేటు వచ్చింది. ఆ తర్వాత వ్యాపార నిర్వహణకు డి.బి.ఏ., ఫార్మసీకి ఫార్మ్.డి., నర్సింగుకు డి.ఎన్.పి. వచ్చాయి. వీటిని వృత్తి డాక్టరేట్లు అనుకుందాం. పిహెచ్.డి. పరిశోధన డాక్టరేటు.

ఈ గీత రాతి మీద గీసింది కాదు. ఎడ్.డి.ని మొదలుపెట్టిన హార్వర్డే 2014 నుంచి దాని బదులు విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు 2010లోనే, విద్యా సంస్థలను నడిపే నాయకుల కోసం ఎడ్.ఎల్.డి. అని మరో వృత్తి డాక్టరేటు తెచ్చింది. అంటే ఒకే పట్టాలో రెండు పనులు ఇరికించడం కుదరక, రెంటినీ విడదీసుకున్నారన్నమాట.

తేడా ఎక్కడుంది?

మన గానుగల దగ్గర ఉదాహరణ ఒకటి చెబుతాను. బెల్లం దిమ్మ పచ్చగా, మెరుస్తూ ఉంటేనే మార్కెట్లో మంచి ధర. ఆ రంగు కోసం కొందరు రసంలో ‘హైడ్రోస్’ అనే రసాయనం కలుపుతారు. ఎక్కువైతే దిమ్మలో గంధకపు అవశేషం మిగిలి ఆరోగ్యానికి చేటు. పాతకాలంలో మడ్డి తేర్చడానికి బెండమొక్క జిగురు వాడేవారు. ఇప్పుడు ఇద్దరు చదువుకున్నవాళ్లు ఒకే పెనం దగ్గర నిలబడ్డారనుకోండి.

మొదటివాడు ఇలా అడుగుతాడు: “ఈ మండలంలో పది గానుగలున్నాయి. రైతుకు ధర పడిపోకుండా హైడ్రోస్ ఎట్లా మాన్పించాలి? బెండ జిగురు ఏ పాళ్లలో, ఎంత కాగినప్పుడు వెయ్యాలి? వండేవాడికి నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుంది? కొనేవాడు ముదురు రంగు బెల్లాన్ని ఒప్పుకోవాలంటే ఏం చెయ్యాలి?” ఇతని ప్రశ్న పనిలోంచి పుట్టింది. జవాబు తిరిగి పనిలోకే వెళ్లాలి. పది గానుగల్లో మార్పు వస్తే ఇతను గెలిచినట్టే. ఇది వృత్తి డాక్టరేటు దారి.

రెండోవాడి ప్రశ్న వేరు: “చెరకు రసం అసలు ఎందుకు నల్లబడుతుంది? రసంలోని ఫినాలిక్ పదార్థాల పాత్ర ఎంత, ఎంజైముల పాత్ర ఎంత, కాగేటప్పుడు చక్కెరలో వచ్చే మార్పుల పాత్ర ఎంత? ఒక రకం చెరకుకీ ఇంకో రకానికీ తేడా ఎందుకు?” ఇతనికి జవాబు దొరికితే అది అనకాపల్లికే కాదు, ముజఫర్‌నగర్‌కూ, కొల్హాపూర్‌కూ వర్తించాలి. ఇతర శాస్త్రవేత్తలు పరీక్షించి ‘ఔను, ఇది కొత్త సంగతే’ అనాలి. రేపే ఏ గానుగకూ ఉపయోగపడకపోవచ్చు కూడా. ఇది పరిశోధన డాక్టరేటు దారి.

క్లుప్తంగా చెప్పుకుంటే:

1. ప్రశ్న: వృత్తి డాక్టరేటులో పని చేసే చోట ఎదురైన చిక్కు. పిహెచ్.డి.లో ఆ శాస్త్రంలో ఇంతవరకూ ఎవరూ తేల్చని అంశం.
2. శిక్షణ: మొదటిదానిలో అనుభవం, నిర్ణయశక్తి, మనుషులతో పని. రెండోదానిలో పద్ధతి, కొలత, వాదన, రాత.
3. రుజువు: మొదటిదానిలో పనిలో నైపుణ్యం, మెరుగైన ఫలితం. రెండోదానిలో సిద్ధాంత గ్రంథం, నిపుణుల ముందు మౌఖిక పరీక్ష.
4. చేరే చోటు: మొదటిది ఆసుపత్రికి, ఫ్యాక్టరీకి, కార్యాలయానికి. రెండోది ప్రయోగశాలకు, విశ్వవిద్యాలయానికి.

ఇందులో పెద్దా చిన్నా లేదు. కోయంబత్తూరులో 1912లో చెరకు వంగడాల సంస్థ, మన అనకాపల్లిలో 1913లో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడ్డాయి. వంద సంవత్సరాల పైబడి ఇక్కడి చేలల్లో మేలు జరిగిందంటే, కొత్త వంగడం తీసినవాడూ, దాన్ని రైతు చేత వేయించినవాడూ ఇద్దరూ ఉన్నందువల్లే. ఒకడు లేకుంటే రెండోవాడి శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

మన దేశంలో ఏమేమి ఉన్నాయి?

విదేశాల్లో ఉన్నన్ని వృత్తి డాక్టరేట్లు మన దేశంలో లేవు. వైద్యంలో ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ల ఎం.డి., ఎం.ఎస్., ఆ పైన మరో మూడేళ్ల డి.ఎం., ఎం.సిహెచ్. ఉన్నాయి. ఎం.డి. వారూ ఒక చిన్న సిద్ధాంత గ్రంథం రాయాలి. కాని ఆ చదువుకు వెన్నెముక మాత్రం వార్డే.

ఇక ఫార్మ్.డి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో నిబంధనలు తెచ్చి దీన్ని ప్రవేశపెట్టింది. ఇంటర్మీడియట్ తర్వాత ఐదేళ్ల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. బి.ఫార్మసీ చేసినవారు మూడేళ్లలో పూర్తిచేసే మార్గమూ ఉంది. రెండేళ్ల డి.ఫార్మసీ అనే డిప్లొమాకూ దీనికీ సంబంధం లేదు. అక్షరాలు అటూ ఇటూ కావడంతో పెళ్లిచూపుల్లో కూడా తికమక పడుతున్నారు! ఫార్మ్.డి. విద్యార్థి వార్డులో రోగుల మందుచీటీలు పరిశీలిస్తాడు. రెండు మందులు ఒకదానితో ఒకటి పడకపోతే పట్టుకుంటాడు. మోతాదు సరిచూస్తాడు. మందు వల్ల వచ్చిన దుష్ఫలితాన్ని నమోదు చేస్తాడు. ఇంత అక్కరకొచ్చే చదువైనా, ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉద్యోగాలు చదివినవారికి సరిపడా లేవన్నది కష్టమైన నిజం. అందువల్ల చాలామంది మందుల భద్రతను పర్యవేక్షించే కంపెనీలకు, క్లినికల్ ట్రయల్స్‌కు, మెడికల్ కోడింగుకు వెళ్తున్నారు. మా ఇంటికి వచ్చిన అమ్మాయి బెంగ కూడా ఇదే.

పిహెచ్.డి. సంగతికొస్తే, యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు ప్రతి విద్యార్థీ చదవవలసినవి. కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు. స్త్రీలకూ, నలభై శాతం మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ల వెసులుబాటు. స్త్రీలకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు. ఉద్యోగం చేస్తున్నవారు యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుంటే పార్ట్ టైముగా చేయవచ్చు. ఎం.ఫిల్. రద్దయింది. థీసిస్ ఇచ్చేముందు పత్రికల్లో వ్యాసాలు ప్రచురించి తీరాలన్న షరతు కూడా తొలగింది. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఉపకార వేతనం నిర్ణయించారు. బెల్లం కొట్టు గుమస్తా కూతురికి ఇది చిన్న మొత్తం కాదు. కాని ఆ ఫెలోషిప్ అందరికీ రాదు. రానివారు మూడు నుంచి ఆరేళ్లు ఎలా గడుస్తాయో ముందే లెక్క వేసుకోవాలి.

అమెరికా వెళ్లాలనుకునేవారు ఒక తేడా గమనించండి. అక్కడ శాస్త్ర విషయాల్లో పిహెచ్.డి.కి సాధారణంగా ఫీజు మాఫీ అయి, బోధనకో పరిశోధనకో సహాయపడినందుకు జీతం కూడా వస్తుంది. వృత్తి డాక్టరేట్లకు మాత్రం చాలావరకు సొంత డబ్బో, అప్పో తప్పదు.

ఎల్లాప్రగడ వారి దారి

రెండు దారులూ నడిచిన మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. అక్కడ వైద్యం చేయడానికి అనుమతి లేక, ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా చేశారు.

ఆయన పరిశోధన వైపు తిరిగింది ఆ రోజుల్లోనే. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. 1930లో హార్వర్డు నుంచి జీవరసాయన శాస్త్రంలో పిహెచ్.డి. అందుకున్నారు. విశ్వవిద్యాలయంలో స్థిరమైన పదవి దొరకక, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి మారారు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారు చేయడంలోనూ, బోదకాలుకు హెట్రజాన్ మందు తేవడంలోనూ ఆయన నాయకత్వంలోని బృందానిదే ప్రధాన పాత్ర. 1948లో కన్నుమూశారు. ఆ హెట్రజానే డి.ఇ.సి. ఫైలేరియా నిర్మూలనకు ఇంటింటికీ తెచ్చి మింగించిన మాత్రలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆయన సోదరుడు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి పనికొచ్చిన మందుల్లో ఒకటి. ప్రశ్న ఇంట్లో, రోగి మంచం పక్కన దొరికింది. దానికి జవాబు వెతికే చేతివాటం ప్రయోగశాల ఇచ్చింది. పట్టా మీద ఏ అక్షరాలున్నాయన్నది ఆ తర్వాతి మాట. రెండో డాక్టరు ఎందుకని అడిగిన ఆ తండ్రికి, మొదటి చదువు లేవదీసిన ప్రశ్నకు ఆ చదువులోనే జవాబు దొరకనప్పుడు రెండోది కావాలి అని చెప్పొచ్చు. అలాంటి ప్రశ్నే లేకపోతే రెండోది అక్కర్లేదు.

నా సొంత కథ

ఇంత చెప్పే నేను ఏం చేశాను? ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో, తోటివారందరూ చేస్తున్నారని నేనూ పార్ట్ టైము పిహెచ్.డి.కి నమోదయ్యాను. అంశం నేను ఎంచుకున్నది కాదు. సులువుగా అవుతుందని ఎవరో అంటే సరేనన్నాను. అదే సంవత్సరం ఇల్లు కట్టాం. గుమ్మం పక్క నేమ్ ప్లేటు రాయించేటప్పుడు, “పేరుకు ముందు కాస్త చోటు వదులు బాబూ, రెండేళ్లలో ‘డా.’ రాయించాలి” అని పెయింటరుకు చెప్పాను.

నాలుగేళ్లు గడిచాయి. సెలవులన్నీ ప్రయోగశాలకే పోయాయి. పిల్లల పరీక్షలప్పుడు నేను ఇంట్లో లేను. ఒకరోజు మా ఆవిడ “ఇంతకీ మీరేం కనుక్కుంటున్నారండీ?” అని మామూలుగానే అడిగింది. రెండు నిమిషాలు మాట్లాడాను గాని, నాకే అర్థమైంది, ఆ ప్రశ్న మీద నాకు ఏ మమకారమూ లేదని. గైడు మంచివారే, సౌకర్యాలూ ఉన్నాయి. లేనిది నాలోని ప్రశ్నే. మానేశాను. ఆ చోటు నేమ్ ప్లేటు మీద ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

పోయిన నాలుగేళ్లకంటె, క్లాసులో కొత్త రకంగా పాఠం చెప్పడం మీద ఆ శ్రమ పెట్టి ఉంటే బాగుండేదన్నదే నా విచారం. నాకు నిజంగా ఇష్టమైన పని అది. ‘డా.’ అనే అక్షరం కోసం డాక్టరేటు చేయకండి అని చెప్పే అధికారం నాకు ఇంతకంటె ఇంకెవరికుంటుంది?

ఎంచుకునే ముందు

అందుచేత, విద్యార్థి మిత్రులారా, దరఖాస్తు నింపేముందు ఈ ఐదూ మీకు మీరే అడిగి చూసుకోండి.

ఒకటి: పదేళ్ల తర్వాత ఒక మామూలు మంగళవారం ఉదయం నేను ఎక్కడ ఉండాలనుకుంటున్నాను? వార్డులోనా, ఫ్యాక్టరీలోనా, క్లాసులోనా, ప్రయోగశాలలోనా?

రెండు: ఆ ఉద్యోగానికి నిజంగా ఏ అర్హత కావాలి? ఉదాహరణకు, 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ వంటివే కనీస అర్హత, పిహెచ్.డి. ఐచ్ఛికం అని యు.జి.సి. ప్రకటించింది. కాబట్టి లెక్చరర్ కావడానికి పిహెచ్.డి. ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. మందుల ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగానికి ఎం.ఎస్సీ.తో పాటు అనుభవం చాలు. కొత్త మందు తయారీ మార్గాలు కనిపెట్టే విభాగంలో పైకి ఎదగాలంటే పిహెచ్.డి. బాగా కలిసొస్తుంది.

మూడు: నాకు ఒంటరి పని నచ్చుతుందా, మనుషులతో పని నచ్చుతుందా? ఆరు నెలలు చేసిన ప్రయోగం తప్పని తేలితే, ఏడో నెల మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందా?

నాలుగు: గైడు ఎవరు? పేరూ హోదా చూసి ఊరుకోకండి. ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరిని కలిసి, ఎన్నేళ్లుగా చేస్తున్నారో అడగండి.

ఐదు: ఈ పట్టా చెల్లుతుందా? దూరవిద్యలో పిహెచ్.డి. చెల్లదు. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో కొన్ని కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యు.జి.సి., ఏ.ఐ.సి.టి.ఇ. కలిసి హెచ్చరించాయి. శాలువా కప్పి ఇచ్చే గౌరవ డాక్టరేటుతో ఉద్యోగం రాదు. వృత్తి డాక్టరేటు పేరుతో డబ్బు కట్టమంటే, ఆ వృత్తి తాలూకు కౌన్సిలు గుర్తించిందో లేదో ముందు కనుక్కోండి.

ఈ ఐదింటికీ జవాబులు వచ్చాక కూడా మనసు ఊగుతూ ఉంటే కంగారు పడకండి. ఏదైనా ఉద్యోగంలో ఒక సంవత్సరం చేరండి. ఆలస్యం వల్ల పిహెచ్.డి. ఎక్కడికీ పారిపోదు. ప్రశ్న లేకుండా చేరితే మాత్రం వయసు పారిపోతుంది.

మళ్లీ ఆ అమ్మాయి

వారం తర్వాత తండ్రీకూతుళ్లను మళ్లీ పిలిపించాను. అమ్మాయికి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఇచ్చి, “అమ్మా, నువ్వు ఇంటర్న్‌షిప్ చేసిన వార్డులో నీకు జవాబు దొరకని ప్రశ్నలు గుర్తు తెచ్చుకుని, రోజుకొకటి చొప్పున నెల రోజులు రాయి” అన్నాను.

నెల తర్వాత ఆ పుస్తకం తెచ్చింది. ముప్ఫైలో ఇరవై ఆరు ఒకే తీరుగా ఉన్నాయి. ముసలివాళ్లు నాలుగైదు రకాల మాత్రలు కలగాపులగం చేసి మింగడం, చదువురాని రోగికి మోతాదు ఎట్లా గుర్తుండేలా చెప్పాలి, ఇంటికి పోయాక మందు ఎందుకు మానేస్తున్నారు. ఇవన్నీ వార్డు ప్రశ్నలు. పిహెచ్.డి.కి తగ్గ ప్రశ్నలు నాలుగే కనిపించాయి. వాటిలో ఒకటి మాత్రం నిజంగా మంచి ప్రశ్న.

“అయితే నేను పిహెచ్.డి.కి పనికిరానా మాస్టారూ?” అంది.

“పనికిరాకపోవడం కాదమ్మా. ముందు ఆ ఇరవై ఆరింటి పని పట్టు. ఆ ఒక్కటీ రెండేళ్ల తర్వాత కూడా నిన్ను నిద్రపోనివ్వకపోతే, అప్పుడు వెళ్లు” అన్నాను.

ఇప్పుడు ఆ అమ్మాయి విశాఖలో ఒక ఆసుపత్రిలో చేరింది. జీతం తక్కువే. చదువురాని రోగుల కోసం సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో మందుల చీటీలు తయారు చేస్తోందట. మొన్న మార్కెట్ దగ్గర తండ్రి కనబడి, “ఆ నోటుబుక్కు ఇంకా రాస్తోందండి. రెండోది కూడా కొంది” అన్నాడు. రెండు డాక్టర్లెందుకని ఈసారి అడగలేదు.

మీలో ప్రతి ఒక్కరూ అలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. ఏ పట్టాకు వెళ్లాలో మీ ప్రశ్నలే చెబుతాయి. నేమ్ ప్లేటు మీద మాత్రం ముందే చోటు వదిలించకండి.